బిడ్డ బాగున్నప్పుడే డాక్టరు దగ్గరికి

కాన్పు చేసిన ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డలు ఇంటికి రాగానే డాక్టరుతో పని తీరిపోయిందనుకోవడం మన ఇళ్లలో మామూలు. మళ్లీ వెళ్లేది బిడ్డకు ఒళ్లు వెచ్చబడినప్పుడో, పాలు పదే పదే కక్కినప్పుడో, అవేవీ లేకపోతే ఆరో వారంలో టీకాకో. ఈలోగా పదకొండో రోజు పురిటి స్నానం ఏ వారం వచ్చింది, ఇరవై ఒకటో రోజు ఊయలకు ఎవరెవర్ని పిలవాలి అన్నది ఇంటిల్లిపాదికీ నోటికే తెలుసు. పిల్లల వైద్యులు చెప్పే ఒక తేదీ మాత్రం ఈ లెక్కలోకి రాదు. పుట్టిన మూడో రోజుకూ ఐదో రోజుకూ మధ్య, ఏ జబ్బూ కనిపించకపోయినా, బిడ్డను ఒకసారి చూపించాలన్నది వాళ్ల మాట. తొలి 24 గంటలు దాటాక 48 నుంచి 72 గంటల మధ్య ఒక పరీక్ష ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం మూడు నుంచి ఐదు రోజులంటుంది. మన దేశంలో, ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త మొదటిసారి రావలసింది మూడో రోజునే. ఇన్ని చోట్ల ఇంచుమించు ఒకే తేదీ పడటం కాకతాళీయం కాదు. ఆ రోజుల్లో బిడ్డ ఒంట్లో జరిగేవి అలాంటివి. ‘బాగానే ఉన్నాడు’ అని ఇంట్లో మనం చెప్పుకునే గుర్తులకూ లోపల నిజంగా జరిగేదానికీ తొలి వారంలో పొంతన కుదరదు. అందుకే ఈ మొదటి పరీక్ష వైద్యం కోసం కాదు, కొలత కోసం. ఆ కొలతకు అర్థం రావాలంటే డాక్టరు దగ్గరున్న పరికరాలు సగమే. మిగతా సగం ఇంటివాళ్లు పట్టుకెళ్లే లెక్కలు.

తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డకు ఊపిరితిత్తుల పని, మూత్రపిండాల పని, కాలేయం చేయాల్సిన పనిలో పెద్ద భాగం మాయే చేసిపెడుతుంది. బొడ్డు కోయగానే ఆ సాయం ఆగిపోతుంది. బిడ్డ తొలి నిమిషంలోనే ఊపిరి అందుకుని కేరుమంటుంది కాబట్టి గండం గడిచిందనిపిస్తుంది. మిగతా పనులు అంత త్వరగా చేతికి రావు. కడుపులో ఉండగా రక్తాన్ని ఊపిరితిత్తులకు పోనివ్వకుండా దాటవేసిన చిన్న నాళం ఒకటి గుండె పక్కన ఉంటుంది. అది మూసుకోవడానికి రోజులు పడుతుంది. రక్తంలోని పచ్చని మలినాన్ని వదిలించే కాలేయపు ఎంజైము పూర్తి స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. మాయ బయటకు వచ్చాకే తల్లి రక్తంలో ప్రొజెస్టెరాన్ పడిపోయి, రెండు మూడు రోజులకు గానీ పాలు ధారాళంగా పడవు. సాధారణ కాన్పయిన తల్లిని సుమారు 48 గంటలకు ఇంటికి పంపుతారు. అంటే బిడ్డ ఒంట్లో పెద్ద మార్పులు ముదిరే రోజులూ, డాక్టరు కంటికి బిడ్డ దూరమయ్యే రోజులూ ఒకటే. డిశ్చార్జి కాగితం మీద ‘బాగుంది’ అని రాసింది ఆ గంటకు నిజమే. మూడో రోజు సంగతి ఆ కాగితానికి తెలియదు. 2020 నాటి జాతీయ నమూనా నమోదు లెక్కల ప్రకారం మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 20 మంది నెల తిరక్కుండానే చనిపోయారు. వారిలో సుమారు 15 మంది పోయింది మొదటి వారంలోనే.

పచ్చదనం వెనక గంటల లెక్క

ముందు కామెర్ల సంగతి చూద్దాం. కొన్ని జిల్లాల్లో పసిరికలంటారు. నెలలు నిండి పుట్టినవారిలో నూటికి 60 మందికి, నిండకుండా పుట్టినవారిలో 80 మందికి తొలి వారంలో ఎంతో కొంత పచ్చదనం వస్తుంది. ఆక్సిజన్ తక్కువగా దొరికే చోట పెరిగింది కాబట్టి బిడ్డకు ఎర్ర రక్తకణాలు ఎక్కువ. పెద్దవాళ్లలో ఆ కణాల ఆయుష్షు 120 రోజులైతే శిశువులో 60 నుంచి 90 రోజులే. అవి చితికినప్పుడు హిమోగ్లోబిన్ నుంచి బిలిరుబిన్ అనే పచ్చని పదార్థం పుడుతుంది. అది నీటిలో కరగదు. కాలేయం దాన్ని కరిగే రూపంలోకి మార్చి పైత్యరసంతో పేగుల్లోకి పంపాలి, పేగులు మలంతో బయటకు నెట్టాలి. కాలేయం ఇంకా పని నేర్చుకుంటోంది. పేగులు మందంగా కదిలితే అక్కడికి చేరిన బిలిరుబిన్ కూడా తిరిగి రక్తంలో కలుస్తుంది. రాబడి ఎక్కువ, పోబడి తక్కువ అయిన ఈ రోజుల్లో అది పెరుగుతూ పోయి, నెలలు నిండిన బిడ్డలో మూడో రోజుకూ ఐదో రోజుకూ మధ్య పతాక స్థాయికి చేరుతుంది. చాలామందిలో అక్కడి నుంచి దానంతటదే దిగిపోతుంది. కొద్దిమందిలో మాత్రం ఆగకుండా పెరిగి మెదడులోకి చేరుతుంది. వినికిడినీ కదలికలనూ శాశ్వతంగా దెబ్బతీస్తుంది. ఆ కొద్దిమంది ఎవరో రెండో రోజు మొహం చూసి ఎవరూ చెప్పలేరు.

అందుకే బిలిరుబిన్ అంకె ఒక్కటే ఉంటే డాక్టరుకు ఏమీ తెలియదు. అది ఎన్ని గంటల వయసులో తీసిన అంకె అన్నది కావాలి. 1999లో పిల్లల వైద్యుడు వినోద్ భూటానీ, ఆయన సహచరులు వేలాది శిశువుల ఫలితాలను గంటల వారీగా పేర్చి ఒక పటం గీశారు. దాని ప్రకారం డెసీలీటరుకు 8 మిల్లీగ్రాములన్న అంకె 24 గంటల బిడ్డలో ఉంటే అత్యధిక ప్రమాద మండలం అంచున ఉన్నట్టు. అదే అంకె 72 గంటల బిడ్డలో ఉంటే అల్ప ప్రమాద మండలం. నేటికీ చికిత్స మొదలుపెట్టే గీతలను ఈ గంటల పద్ధతిలోనే గీస్తున్నారు. నెలలు నిండకపోయినా, ఇతర ప్రమాద కారణాలున్నా ఆ గీత కిందికి దిగుతుంది. జాతకం కోసం నిమిషాలతో సహా రాసిపెట్టుకునే పుట్టిన సమయం మన ఇళ్లలో ఎలాగూ ఉంటుంది. డాక్టరుకు కావలసిందీ అదే. దానితో పాటు ఎన్నో వారంలో కాన్పయింది, తల్లి రక్తం గ్రూపేమిటి, బిడ్డదేమిటి అన్నవి కూడా. తల్లిది ఓ గ్రూపై బిడ్డది ఏ లేదా బీ అయినా, తల్లిది నెగటివై బిడ్డది పాజిటివ్ అయినా, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ రక్తకణాలను వేగంగా చితకగొట్టే అవకాశం ఉంది. ముందు పుట్టిన పిల్లల్లో ఎవరినైనా కామెర్లకు లైటు కింద పెట్టి ఉంటే అదీ చెప్పి తీరాలి.

‘పచ్చబడితే మాకు కనపడదా?’ అనొచ్చు. కనపడకపోవచ్చు. చామనచాయ, నలుపు ఒంటి మీద పచ్చదనం ఆలస్యంగా తెలుస్తుంది. పసుపు రంగు బల్బు వెలుతురులో తెలియదు. పసుపు కలిపిన నలుగు పెట్టి స్నానం చేయించిన ఒంటి మీద అసలే తెలియదు. అనుభవమున్న డాక్టర్లు, నర్సులు కంటితో వేసిన అంచనాలు కూడా రక్తపరీక్షతో పోల్చినప్పుడు తరచూ తప్పుతున్నాయని అధ్యయనాలు చూపించాయి. ఇంట్లో చూసుకోవాలంటే పగటిపూట కిటికీ పక్కన, నుదుటి మీద వేలితో మెల్లగా నొక్కి వదిలినప్పుడు కనిపించే రంగు చూడాలి. చిగుళ్లు, కళ్ల తెల్లగుడ్లు చూడాలి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున నలుగు, పసుపు, పౌడరు పెట్టకుండా ఉంటే చాలు, సగం సిద్ధమైనట్టే. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, పచ్చదనం అరచేతులకూ అరికాళ్లకూ పాకినా ఈ తేదీ కోసం ఆగకూడదు.

ఇక్కడ పెద్దవాళ్ల నుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది: పొద్దుటెండలో కాసేపు పడుకోబెడితే పోయేదానికి డాక్టరెందుకు? ఇది ఊరికే పుట్టిన మాట కాదు. 1950లలో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ నెలలు నిండని పిల్లలను ఎండకు తిప్పుతుండేవారు. అలా తిప్పిన ఒక బిడ్డ ఒళ్లంతా పచ్చదనం తగ్గి, దుప్పటి అంచు కప్పిన ముక్కోణం మేర మాత్రం పచ్చగా మిగలడం ఆమె డాక్టర్లకు చూపించారు. ఆ దారిలో వెళ్లిన రిచర్డ్ క్రెమర్ బృందం 1958లో దీపకాంతితో చికిత్సను లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. నీలి కాంతి చర్మంలోని బిలిరుబిన్ అణువు ఆకారాన్ని మార్చేస్తుంది. కాలేయం సాయం లేకుండానే అది బయటకు పోగలుగుతుంది. ఎండలోనూ ఆ నీలి కాంతి ఉంది. కానీ వైద్యానికి కావలసిన మోతాదు అందాలంటే బిడ్డ ఒంటి మీద నూలుపోగు లేకుండా గంటల తరబడి వెలుగులో ఉండాలి. అంతసేపు ఎండలో ఉంచితే వేసవిలో రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఒళ్లు కాగుతుంది, చలికాలంలో ఆదిలాబాద్‌లో ఒళ్లు చల్లబడుతుంది; అతినీలలోహిత కిరణాల దెబ్బ ఎటూ తప్పదు. నైజీరియాలో సూర్యకాంతితో చేసిన వైద్యం ఫలించిందంటే, హానికర కిరణాలను వడగట్టే పరదాల కింద, బిడ్డ ఒంటి వేడిని పదే పదే చూస్తూ, రోజూ గంటల కొద్దీ చేశారు కాబట్టి. పావుగంట పొద్దుటెండకు ఆ శక్తి లేదు. ఆ పావుగంట వల్ల జరిగే అసలు నష్టం ఎండతో కాదు, ‘వైద్యం చేస్తున్నాంగా’ అన్న భరోసాతో రెండు రోజులు గడిచిపోవడం. పసరు మందు, వాతలు పెట్టడం లాంటివాటి సంగతి వేరు. వాటిలో హాని తప్ప మరేమీ లేదు.

ఏడవని బిడ్డ, తగ్గే బరువు

రెండో కొలత బరువు. పుట్టిన ప్రతి బిడ్డా మొదటి రోజుల్లో తగ్గుతుంది. ఒంట్లో అదనంగా ఉన్న నీరు పోతుంది, పాలు ఇంకా పూర్తిగా పడవు. ముర్రుపాలు కొలతకు కొద్దిగానే ఉన్నా తొలి రోజులకు అవి చాలు. మూడు కిలోల బిడ్డ 2.8 కిలోలకు వస్తే కంగారక్కర్లేదు. 2.7కు చేరితే పుట్టినప్పటి బరువులో పది శాతం పోయినట్టు. పాలు అందుతున్నాయా లేదా అని తప్పక చూడాల్సిన హద్దు అది. నాలుగైదు రోజుల నుంచి బరువు మళ్లీ ఎక్కడం మొదలై, పది పద్నాలుగు రోజులకు పుట్టినప్పటి అంకెకు చేరి, ఆపై రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. చేతుల్లోకి తీసుకుని ఈ తేడా ఎవరూ పట్టలేరు. తడిసిన డైపరుతో, స్వెట్టరుతో తూచినా ఆ తేడా అందులోనే దాక్కుంటుంది. కాబట్టి పుట్టిన బరువు గ్రాములతో సహా రాసున్న కాగితం ఉండాలి. డాక్టరు దగ్గర బట్టలన్నీ విప్పి తూచాలి. వీలైతే ఆ తర్వాతి తూకమూ అదే యంత్రం మీద పడాలి.

మన రాష్ట్రాల్లో ఈ కొలతకు మరింత అవసరం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. సిజేరియన్ తర్వాత పాలు పడటం కొంత ఆలస్యం కావచ్చు; కుట్ల నొప్పితో తల్లి కూర్చుని బిడ్డను సరిగా పట్టుకోలేదు. ఆ లోటు పూడ్చాలని చక్కెర నీళ్లో డబ్బా పాలో పట్టేస్తే బిడ్డ రొమ్ము చీకడం తగ్గిస్తుంది, చీకడం తగ్గితే పాలు ఇంకా తగ్గుతాయి. పాలు చాలని బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుందనుకుంటాం. మొదట్లో ఏడుస్తుంది. ఆ తర్వాత నీరసించి నిద్రపోతుంది. ‘మా వాడు బంగారం, లేపినా లేవడు’ అని మురిసిపోయే ఆ నిద్రే ఒక్కోసారి ప్రమాద సూచన. మగతగా ఉన్న బిడ్డ పాలు తక్కువ తాగుతుంది; తక్కువ తాగితే విరేచనం తక్కువ; విరేచనం తగ్గితే పేగుల్లోని బిలిరుబిన్ తిరిగి రక్తంలోకి చేరుతుంది; బిలిరుబిన్ పెరిగితే మగత ఇంకా పెరుగుతుంది. కామెర్లూ, బరువు తగ్గడమూ రెండు వేర్వేరు సమస్యల్లా కనిపించినా చాలామంది బిడ్డల్లో అవి ఒకే వలయంలోవి. ఆ వలయాన్ని తెంచే చోటు తల్లి రొమ్ము దగ్గరే ఉంది: బిడ్డ నోరు పెద్దగా తెరిచి, చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లని వలయం చాలా భాగం నోట్లోకి తీసుకునేలా పట్టుకోవడం. తరచూ కావలసిన వైద్యం అంతే, మందు చీటీ లేని వైద్యం.

అందుకే బాలింతను ఇంట్లో ఉంచి అమ్మమ్మా నాన్నా మాత్రమే బిడ్డను తీసుకెళ్లడం వల్ల సగం పరీక్ష ఆగిపోతుంది. పాలిస్తుండగా చూసి తప్పు దిద్దాలంటే తల్లి అక్కడ ఉండాలి. ఆమెకూ ఈ పరీక్ష అవసరమే; కాన్పు తర్వాత రక్తపోటు ఎక్కువగా పెరిగేది మూడో రోజుకూ ఆరో రోజుకూ మధ్య. తలనొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, ఎక్కువ రక్తస్రావం, జ్వరం, అదే పనిగా ఏడుపు రావడం లాంటివేవైనా ఉంటే ఆమె నోటితో ఆమే చెప్పాలి.

ఇంటి దగ్గర రాసుకోవాల్సిన లెక్క చాలా చిన్నది. గోడ మీది క్యాలెండరులో ఆ రోజు గడి చాలు: పాలు తాగిన ప్రతిసారీ ఒక గీత, మూత్రానికి ఒక సున్నా, విరేచనానికి ఒక చుక్క. 24 గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండు గీతలు పడాలి. మొదటి రోజు ఒక సున్నా, రెండో రోజు రెండు, అలా పెరుగుతూ ఐదో రోజు నుంచి ఆరో అంతకన్నా ఎక్కువో రావాలి. డైపరు వేస్తే ఎన్నిసార్లు తడిసిందో తెలియదు. ఈ కొద్ది రోజులు పాత నూలు గుడ్డలే మంచి కొలమానం. గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక మొదటి రెండు రోజుల్లో కనిపిస్తే భయం లేదు, ఆ తర్వాతా కనిపిస్తే పాలు చాలడం లేదని అనుమానించాలి. విరేచనం మొదట తారులా నల్లగా ఉండి, మూడు నాలుగు రోజులకు ఆకుపచ్చగా మారి, ఐదో రోజుకు ఆవపిండి రంగు పసుపులోకి తిరగాలి. ఐదో రోజునా నల్లగానే ఉందంటే కడుపులోకి పాలు తగినన్ని చేరలేదన్నమాట. ఆ గడిలోని గీతలూ సున్నాలూ చుక్కలూ చూసి డాక్టరు ఒక నిమిషంలో తెలుసుకునేది, ‘బాగానే తాగుతున్నాడండీ’ అన్న జవాబుతో పది నిమిషాలకూ తెలియదు.

కాగితాల్లో ఉన్నవీ లేనివీ

మూడోది, పుట్టగానే కంటికి కనిపించని లోపాల వెతుకులాట. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని బిడ్డలు మన దేశంలో సుమారు వెయ్యికి ఒకరు పుడుతున్నారు. కడుపులో ఉండగా తల్లి హార్మోను కొంత అందుతుంది కాబట్టి పుట్టినప్పుడు చాలామంది మామూలుగానే ఉంటారు. నాలుక పెద్దదవడం, గొంతు బొంగురుపోవడం లాంటి లక్షణాలు బయటపడేసరికి మెదడు ఎదుగుదలలో తిరిగిరాని కాలం గడిచిపోతుంది. రెండు వారాల్లోపు పట్టుకుంటే రోజుకొక చిన్న మాత్రతో ఆ బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది. మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో చేసే ఈ పరీక్షకు సరైన సమయం 48 గంటలు దాటాక. అంతకన్నా ముందే ఇంటికొస్తే అది తప్పిపోవచ్చు. వినికిడి పరీక్ష అయిందా, పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారా, బీసీజీ, పోలియో తొలి చుక్కలు, హెపటైటిస్ బి టీకా పడ్డాయా అన్నవి డిశ్చార్జి సమ్మరీలోనూ తల్లీబిడ్డల రక్షణ కార్డులోనూ వెతుక్కోవాలి. రాసి లేనిది జరగలేదనుకుని అడగడమే మంచిది. రెండు కిలోల కన్నా తక్కువ బరువుతోనో, 34 వారాలు నిండకుండానో పుట్టిన బిడ్డకు కంటి రెటీనా పరీక్ష 30 రోజుల్లోపు జరగాలి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఏళ్లుగా ఈ గడువు గురించే ప్రచారం చేస్తోంది. గుండె సంగతీ ఇంతే. కొన్ని పుట్టుక లోపాల్లో ఒంటికి రక్తం అందేది ముందు చెప్పుకున్న చిన్న నాళం ద్వారానే. అది తెరిచి ఉన్నన్నాళ్లూ బిడ్డ గులాబీ రంగులో హాయిగా ఉంటుంది. మూసుకోవడం మొదలయ్యాక గంటల్లో కూలిపోతుంది. చేతికీ కాలికీ పెట్టే ఆక్సిజన్ క్లిప్పు, తొడ మూలల్లో నాడి చూసే వేళ్లు అందులో కొన్నింటిని ముందే పసిగట్టగలవు.

కాగితాల్లో దొరకని సమాచారం ఒకటుంది, అది ఇంట్లో పెద్దావిడ దగ్గరుంటుంది. బిడ్డ నాలుకకు తేనె రాశారా, వస అరగదీసి పెట్టారా, ఆముదం పట్టారా, బొడ్డు మీద ఏమైనా అద్దారా, కళ్లకు కాటుక దిద్దారా? కోప్పడతారేమోనని వీటిని దాచడం మామూలు. దాచిన ఒక్క విషయం వల్ల రోగ నిర్ణయమే దారి తప్పొచ్చు. నాఫ్తలీన్ ఉండలనే తీసుకోండి. అపురూపంగా ట్రంకుపెట్టెలో దాచిన పాత చీరల పొత్తిళ్లు, పెద్ద పిల్లవాడి చొక్కాలు ఆ ఉండల వాసనతోనే బయటకొస్తాయి. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న బిడ్డ ఆ ఆవిరి పీల్చినా, అది ఒంటికి తగిలినా ఎర్ర రక్తకణాలు ఒక్కసారిగా చితికిపోయి కామెర్లు విపరీతంగా పెరుగుతాయి. ఉతికి ఎండలో ఆరేయని ఆ పొత్తిళ్ల సంగతి డాక్టరుకు తట్టదు, ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పిన పెద్దావిడను అందరి ముందూ గద్దించకుండా వినడం డాక్టరు వంతు. అలా గద్దించిన చోట వచ్చేసారి ఎవరూ నిజం చెప్పరు.

అభ్యంతరాలకు జవాబు

పురుడు తీరకుండా గడప దాటకూడదన్నది మరో అభ్యంతరం. ఆ ఆచారం వల్ల జరిగిన మేలును కాదనక్కర్లేదు: అలసిన తల్లికి విశ్రాంతి దొరికింది, బిడ్డ నలుగురి చేతుల్లో పడకుండా ఉంది. కానీ నేడు ఆ నియమం తల్లినీ బిడ్డనూ ఇంట్లో ఉంచుతోంది తప్ప బయటివాళ్లను బయట ఉంచడం లేదు. చూడటానికి వచ్చే బంధువుల దగ్గుల ముందు, ముద్దుల ముందు, ముందుగా సమయం తీసుకుని వెళ్లే అరగంట పరీక్ష చిన్న ప్రమాదమే. ఓపీలో తొలి నంబరు తీసుకోవడం, జ్వరాల పిల్లలకు దూరంగా కూర్చోవడం, దారిలో బిడ్డను తల్లి గుండెకు ఆనించి పైన దుప్పటి కప్పుకోవడం చాలు. గడప దాటనే కూడదనుకునే ఇంటికి పరీక్షనే రప్పించుకోవచ్చు. మన ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇళ్లకు వచ్చి బిడ్డను తూచి, వేడి చూసి, శ్వాస లెక్కపెట్టే పథకం 2011 నుంచీ నడుస్తోంది. దానికి పునాది తెలంగాణ సరిహద్దునే ఉన్న గడ్చిరోలి జిల్లాలో పడింది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు పల్లెటూరి మహిళలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. ఆ సేవ అందిన 39 గ్రామాల్లో, అందని గ్రామాలతో పోలిస్తే, నెలలోపు శిశు మరణాలు మూడో ఏటికి 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో ప్రకటించారు. పెద్ద యంత్రాలేవీ లేవు. ఉన్నదల్లా తూకం, థర్మామీటరు, గడియారం, కొన్ని మందులు, సరైన రోజున ఇంటి తలుపు తట్టడం. ఆశా కార్యకర్త రావడం డాక్టరు పరీక్షకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు గానీ ఎవరిని వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలో అది తేల్చగలదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం చివరిది: వెళ్తే ఏదో ఒకటి చెప్పి పసిపిల్లల ఐసీయూలో (ఎన్‌ఐసీయూ) పెట్టేస్తారు, వేలకు వేలు వదులుతాయి. ఈ భయం పూర్తిగా నిరాధారం కాదు. దీనికి విరుగుడు మాత్రం వెళ్లకపోవడం కాదు, లెక్క పట్టుకుని వెళ్లడం. బిలిరుబిన్ ఎంత, అది ఎన్ని గంటల వయసులో, ఈ బిడ్డకు లైటు పెట్టాల్సిన గీత ఎంత, మళ్లీ ఎప్పుడు చూడాలి అని అడిగితే ఏ డాక్టరైనా జవాబు చెప్పగలిగి ఉండాలి. బరువు ఎంత శాతం తగ్గింది, పాలు పట్టే తీరు మార్చి రేపు మళ్లీ తూస్తే సరిపోతుందా అన్నదీ అలాంటి ప్రశ్నే. పైగా ఖర్చు పెరిగేది ఆలస్యంతోనే. మూడో రోజు పాలు పట్టే తీరు దిద్దితే సరిపోయేది, ఆరో రోజుకు లైటు కింద పెట్టాల్సిన, సెలైన్ ఎక్కించాల్సిన పరిస్థితి కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బుపడిన శిశువుకు పరీక్షలూ మందులూ రవాణా జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం.

ఇదంతా బాగున్న బిడ్డ గురించి. పాలు తాగడం మానేసినా, కదిపితే తప్ప కదలకపోయినా, ఒళ్లు 37.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి కాలినా, 35.5 కన్నా చల్లబడినా, నిండు నిమిషం లెక్కపెడితే శ్వాస 60కి చేరినా, డొక్కలు ఎగరేసినా, మూర్ఛ వచ్చినా, పెదవులు నీలంగా మారినా, ఆకుపచ్చని వాంతి అయినా ముందే తీసుకున్న సమయం కోసం చూడకూడదు. రాత్రయినా సరే బయల్దేరాలి. వింతగా అనిపించిన కదలికను ఫోన్లో వీడియో తీసి చూపిస్తే వర్ణన అక్కర్లేదు. పచ్చదనం రెండు వారాలు దాటినా, విరేచనం సున్నం ముద్దలా తెల్లబారినా పైత్యనాళాలు మూసుకుపోయాయేమో చూడాలి. దానికి చేసే ఆపరేషన్ రెండు నెలల వయసులోపు జరిగితేనే ఎక్కువ ఫలితం.

సిద్ధం కావడమంటే సంచి సర్దుకోవడం కన్నా ముందే మొదలవ్వాలి. డిశ్చార్జి రోజున బిల్లు కట్టే హడావుడిలోనే, మళ్లీ ఏ రోజు ఏ గంటకు తీసుకురావాలో కాగితం మీద రాయించుకోవాలి; ఆ తేదీ ఐదో రోజు దాటి పడితే ఎందుకని అడగాలి. తేలిగ్గా విప్పగలిగే బట్టలు, పుట్టిన సమయం, బరువు, రెండు రక్తం గ్రూపులు, క్యాలెండరు గడి, తల్లి, వీలైతే ఇంటి పెద్దావిడ — వెంట వెళ్లాల్సినవి ఇవి. చాలాసార్లు డాక్టరు అన్నీ చూసి ‘ఏమీ లేదు, వెళ్లి రండి’ అంటారు. అప్పుడు వెళ్లడం దండగయిందని కాదు. మూడో రోజు దాకా ‘బాగున్నాడు’ అన్నది మన నమ్మకం. తూకం వేసి, గంటలు లెక్కగట్టి చెప్పాక అది తేలిన విషయం. తేలకుండా మిగిలే ఆ కొద్దిమంది బిడ్డల కోసమే అందరినీ చూడాల్సి వస్తోంది. ఆ కొద్దిమందిలో మనవాడు ఉన్నాడో లేడో తెలుసుకునే వేరే దారి ఇప్పటికైతే లేదు.